పికప్ ట్రక్కు వెనక డిఫరెన్షియల్ ఆయిల్ ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

ప్రశ్న: గాల్వెస్టన్ దారి (హ్యూస్టన్)

మిత్రులందరికీ నమస్కారం. రెండేళ్ల కిందట సెకండ్‌హ్యాండ్‌లో కొన్న 2006 మోడల్ ఫోర్డ్ ఎఫ్-150 పికప్ నా దగ్గర ఉంది. ఇంజన్ ఆయిలు, బ్రేక్ ప్యాడ్లు ఇంటి ముందు డ్రైవ్‌వేలో నేనే మార్చుకుంటాను గానీ, ఇంజన్ బలాన్ని రెండు వెనక చక్రాలకు పంచే గేర్ల పెట్టె, అంటే మన మెకానిక్కులు హౌసింగ్ అని పిలిచే వెనక డిఫరెన్షియల్ జోలికి ఇంతవరకు వెళ్లలేదు. నాకంటే ముందు ఉన్న యజమాని దాని ఆయిలు ఎప్పుడైనా మార్చాడో లేదో చెప్పే కాగితమేదీ నా దగ్గర లేదు.

పోయిన నెల నాతో పనిచేసే ఒకాయన చేపలు పట్టే పడవను ట్రెయిలర్ మీద లాక్కుని గాల్వెస్టన్ వెళ్లాం. హ్యూస్టన్ నుంచి యాభై మైళ్లు హైవే మీద నడిపి, బండి ఆగీ ఆగగానే ర్యాంపు మీదికి రివర్సులో దించాను. పడవ నీటిలో తేలేసరికి నా బండి వెనక ఇరుసు పూర్తిగా మునిగిపోయింది. సాయంత్రం పడవను తిరిగి ఎక్కించేటప్పుడు మరోసారి అదే జరిగింది. ఇంటికి వచ్చాక బండి పుస్తకం తిరగేస్తే, వెనక ఇరుసు ఆయిలును మామూలుగా మార్చనక్కరలేదని, అయితే ఇరుసు నీటిలో మునిగితే మాత్రం మార్చాలని ఉంది. దగ్గరలోని ఒక షెడ్డులో అడిగితే రెండు వందల ఇరవై డాలర్లు అవుతుందని, పై రంధ్రం లోంచి పంపుతో పాత ఆయిలు లాగేసి కొత్తది పోస్తామని చెప్పారు. నేను కిందికి దూరి చూశాను. డ్రైన్ ప్లగ్గు ఎక్కడా లేదు, వెనక వైపు పది బోల్టులతో బిగించిన గుండ్రటి కవరు మాత్రం ఉంది.

అంత కొద్దిసేపు మునిగినందుకే లోపలికి నీరు పోతుందా? ఈ కవరు విప్పే పని నాలాంటి వాడు పెట్టుకోదగినదేనా? తలుపు దగ్గర ఉన్న స్టిక్కరు మీద యాక్సిల్ అనే చోట హెచ్9 అని ఉంది. ఆయిలు కొనడానికి దాని అవసరం ఏమైనా ఉందేమో చెప్పగలరు.

జవాబు 1: పళ్లచక్రం (మిషిగన్)

నీరు పోయే అవకాశం చాలా ఉంది, అందుకు కారణం మీరు వర్ణించిన తీరులోనే కనబడుతోంది. యాభై మైళ్లు హైవే మీద నడిచిన హౌసింగ్ చెయ్యి పెట్టలేనంత వేడిగా ఉంటుంది. లోపలి గాలి వ్యాకోచించి, ఇరుసు గొట్టం పైన గాలి ఆడడానికి ఉండే బ్రీదర్ అనే సన్నటి దారి గుండా బయటికి పోతుంది. ఆ వేడి మీద దాన్ని చల్లటి నీటిలో ముంచితే లోపలి గాలి ఒక్కసారిగా కుంచించుకుని, ఎటు దారి దొరికితే అటు నుంచి పీల్చుకుంటుంది. బ్రీదర్ నీటికి పైన తెరుచుకుని ఉంటే గాలిని పీలుస్తుంది. మట్టితో మూసుకుపోయి ఉంటే ఆయిల్ సీళ్ల అంచుల దగ్గర నుంచి నీటినే లాగుతుంది. పైగా మీది ఉప్పునీరు. మళ్లీ పడవ లాగే రోజు దాకా ఆగకుండా ఈ వారాంతంలోనే పని పెట్టుకోండి. ఇంజన్ ఆయిలు మార్చగలిగినవారు ఇది తప్పకుండా చేయగలరు, కాకపోతే ఒక పూట పడుతుంది, బట్టలు మాత్రం పాతవి వేసుకోండి.

మొదటి నియమం ఒకటుంది. ఆయిలు పోసే ప్లగ్గు ఊడి వచ్చిందని రూఢి చేసుకున్న తరువాతే కవరు మీద పానా పెట్టాలి. మీ బండిలో ఉన్నది 8.8 అంగుళాల ఇరుసు. దీని ఫిల్లర్ ప్లగ్గుకు బోల్టు తల ఉండదు, మధ్యలో చదరపు గుంట ఉంటుంది, అందులో మూడు బై ఎనిమిది అంగుళాల రాచెట్ నేరుగా కూర్చుంటుంది. పదేళ్లకు పైగా కదలని ప్లగ్గు తుప్పుతో అతుక్కుపోయి ఉండవచ్చు. ముందు రోజు రాత్రే గుంటలోని మట్టిని గీకేసి, తుప్పు వదిలించే నూనె చల్లి ఉంచండి. నేను మొదటిసారి ఈ పని చేసినప్పుడు ఉత్సాహం కొద్దీ ముందు కవరు విప్పి ఆయిలంతా దించేశాను. తరువాత ప్లగ్గు రానని మొరాయించడంతో బండి మూడు రోజులు కదలకుండా ఇంటి ముందు కూర్చుంది, నేను బస్సులో పనికి వెళ్లాను.

రెండోది బండిని ఎత్తడం గురించి. నా సలహా అసలు ఎత్తవద్దనే. పికప్ కిందికి మనిషి దూరగలడు, అదీ కాక ఆయిలు మట్టం సరిగ్గా తెలియాలంటే బండి సమతలంగా నిలబడాలి. వెనక భాగాన్ని మాత్రమే జాకీతో లేపేవారు ఒక సంగతి మరిచిపోతుంటారు. హ్యాండ్‌బ్రేక్ పట్టేది వెనక చక్రాలనే, గేరు లివరు పార్కింగ్‌లో పెట్టినా అది పట్టి ఉంచేది వెనక చక్రాలకు పోయే షాఫ్టునే. ఆ రెండు చక్రాలూ గాలిలో ఉంటే టూవీల్ డ్రైవ్ బండిని పట్టి ఉంచేది ముందు చక్రాలకు వేసిన అడ్డు చెక్కలు తప్ప మరేమీ ఉండదు. చదునైన కాంక్రీటు మీద నిలిపి, ముందు చక్రాలకు రెండు వైపులా చెక్కలు వేసి, స్టెప్నీ టైరును కిందికి దించేయండి. అది తీసేస్తే కవరు ముందు కూర్చోవడానికి చోటు దొరుకుతుంది.

పది మైళ్లు నడిపి వస్తే ఆయిలు వెచ్చబడి పలచగా దిగుతుంది. కవరు బోల్టులన్నీ వదులు చేసి, కింది వాటిని పూర్తిగా తీసేసి, పైన రెండింటిని మాత్రం నాలుగు మరల మీద ఉంచండి. ఇప్పుడు కింది అంచులో చదునైన స్క్రూడ్రైవరు పెట్టి మెల్లగా ఎడం చేస్తే కవరు ఎగిరిపడకుండా వేలాడుతుంది, ఆయిలు ఒకే ధారగా పళ్లెంలోకి దిగుతుంది. అది సుమారు రెండున్నర లీటర్లు ఉంటుంది కాబట్టి పళ్లెం పెద్దది పెట్టండి. కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తే కంగారు పడకండి, అది గంధకం వాసన. ఈ ఇరుసులో షాఫ్టు చివర ఉండే చిన్న గేరు పినియన్, అది తిప్పే పెద్ద పళ్లచక్రమైన క్రౌన్ చక్రం మధ్యరేఖకు కాస్త కిందుగా కూర్చుంటుంది, అందువల్ల పళ్లు ఒకదాని మీద ఒకటి దొర్లడమే కాకుండా బలంగా రాసుకుంటూ జారుతాయి. ఆ ఒత్తిడికి మామూలు నూనె పొర తెగిపోతుంది గనుక గంధకం, భాస్వరం ఉన్న రసాయనాలు కలుపుతారు. జీఎల్-5 అనే గుర్తుకు అర్థం అదే. జీఎల్-4 డబ్బా చవకగా దొరికిందని మాత్రం ఇందులో పోయకండి.

కవరు తీశాక తొందరపడి తుడవకండి. కాసేపు టార్చిలైటు వేసి చూడండి, ఎందుకంటే మెకానిక్కుకు డబ్బు ఇచ్చి పని చేయించుకున్నవాడికి దొరకనిది ఈ చూపే. అడుగున బూడిద రంగులో మెత్తటి గుజ్జులాంటిది ఉంటే అది మామూలు అరుగుదల. వేళ్ల మధ్య రాస్తే గరుకుగా తగిలే రేణువులు, వెలుగులో తళుక్కుమనే పెచ్చులు ఉంటే బేరింగులను అనుమానించాలి. పంటి ముక్క దొరికితే ఆయిలు మార్చే కార్యక్రమం అక్కడితో ఆపేసి, హౌసింగ్ పని తెలిసినవారిని పిలవాలి. కంటికి కనిపిస్తున్న పళ్లను ఒక్కొక్కటిగా చూడండి. రాపిడి గుర్తు పంటి మధ్య భాగంలో నునుపుగా ఉండాలి. మధ్యలో అడ్డంగా ఉన్న కడ్డీని పట్టి ఉంచే చిన్న బోల్టు ఒకటి కనిపిస్తుంది, దాన్ని తాకవద్దు. ఇందులో ఇరుసు షాఫ్టులను లోపలి నుంచి పట్టి ఉంచేవి సీ ఆకారపు బిళ్లలు, ఆ కడ్డీ బయటికి వచ్చిందంటే అవి జారి షాఫ్టులు బయటికి వచ్చేయవచ్చు.

తరువాత ఎక్కువ సమయం తినేది పాత ప్యాకింగు గీకడమే. హౌసింగ్ అంచును గీకేటప్పుడు లోపలికి గుడ్డ కప్పి ఉంచితే చెత్త గేర్ల మీద పడదు. రెండు అంచులనూ జిడ్డు లేకుండా తుడిచి, కవరు మీద గేర్ ఆయిలుకు తట్టుకునే ఆర్‌టీవీ పేస్టును (ప్యాకింగుకు బదులు వేసే, ఆరితే రబ్బరులా గట్టిపడే సిలికాన్) తెగని సన్నటి గీతలా, ప్రతి బోల్టు రంధ్రానికీ లోపలి వైపుగా తిప్పుకుంటూ వేయండి. బోల్టులను ఎదురెదురుగా, రెండు మూడు విడతలుగా బిగించండి. పేస్టు ఆరడానికి ట్యూబు మీద ఎంత సమయం రాసి ఉంటే అంత ఆగిన తరువాతే ఆయిలు పోయండి.

ఇక మీ హెచ్9 సంగతి. దానికి అర్థం 3.55 గేరు నిష్పత్తి గల లిమిటెడ్ స్లిప్ ఇరుసు అని. హెచ్ లేకుండా 19 అని ఉంటే అదే నిష్పత్తి గల మామూలు ఇరుసు. మీ దానిలో చిన్న క్లచ్చు బిళ్లలు ఉంటాయి, ఒక చక్రం జారినప్పుడు రెండోదానికి బలం అందించేవి అవే. ఈ బిళ్లల కోసం ఫ్రిక్షన్ మాడిఫయర్ అనే ద్రవాన్ని నాలుగు ఔన్సులు, అంటే సుమారు 118 మిల్లీలీటర్లు, ముందుగా పోసి, మిగతాది గేర్ ఆయిలుతో నింపాలి. ఫోర్డ్ దాన్ని ఎక్స్‌ఎల్-3 పేరుతో అమ్ముతుంది. కొన్ని గేర్ ఆయిళ్లలో అది ముందే కలిపి ఉంటుంది కాబట్టి డబ్బా వెనక చదివి కొనండి. అయితే ఈ సలహాను షెవర్లే బండి ఉన్న మిత్రుడికి అప్పజెప్పకండి. వాళ్ల బండ్లలో ఇలాంటి పనే చేసే జీ80 లాకర్‌కు ఈ ద్రవం కలపవద్దనే చెబుతారు. ఆయిలు గ్రేడు మీ బండి పుస్తకంలో ఆ ఇరుసుకు ఏది రాసి ఉంటే అదే. క్వార్ట్ సీసాలు మూడు కొంటే కొద్దిగా మిగులుతుంది. రంధ్రం అంచు దాకా వచ్చి ఆయిలు తిరిగి కారడం మొదలైతే నిండినట్టే.

జవాబు 2: వారాంతపు పానా (డాలస్)

పై మిత్రులు చెప్పినదంతా నిజమే గానీ, ఇంత శ్రమ అవసరమా అని నా సందేహం. నేను నా బండికి రెండుసార్లు కవరు కదపకుండానే మార్చాను. ఇరవై డాలర్లకు దొరికే చేతిపంపు గొట్టాన్ని ఫిల్లర్ రంధ్రం లోంచి అడుగు దాకా దించి లాగితే పాత ఆయిలులో చాలా భాగం వచ్చేస్తుంది. పేస్టు గొడవ లేదు, తరువాత కారుతుందన్న భయం లేదు, గంటలో పని పూర్తవుతుంది. ఆ షెడ్డువారు చేస్తామన్నది కూడా అదే కదా.

జవాబు 3: ఆటోనగర్ హౌసింగ్ (విజయవాడ)

డాలస్ మిత్రులు చెప్పిన పంపు పద్ధతి తప్పని అనను. ఏ ఇబ్బందీ లేని బండికి, కాలం గడిచిందని మార్చే ఆయిలుకు అది సరిపోతుంది. నీట మునిగిన బండికి మాత్రం సరిపోదు, ఎందుకో చెబుతాను.

2024 సెప్టెంబరులో బుడమేరు వరద వచ్చి నగరంలో కాలనీలకు కాలనీలు మునిగినప్పుడు, నీళ్లు తగ్గాక మా ఆటోనగర్‌కు బండ్లు వరుస కట్టాయి. వాటిలో బొలెరో పికప్‌లు, ట్రాలీ ఆటోలు చాలా ఉన్నాయి. ఇంజన్ గురించి అందరూ భయపడ్డారు. ఎయిర్ ఫిల్టరు విప్పించారు, ఇంజన్ ఆయిలు మార్పించారు, బండి స్టార్ట్ అయ్యేసరికి గండం గడిచిందనుకుని తోలుకుపోయారు. హౌసింగ్ మాట మేము ఎత్తితే, ఖర్చు పెంచుతున్నాడని చూసినవారే ఎక్కువ. అలా తోలుకుపోయిన వాటిలో కొన్ని సంక్రాంతి దాటేలోపే కూత పెట్టుకుంటూ తిరిగి వచ్చాయి. విప్పితే పాలు ఎక్కువైన కాఫీ రంగులో నురగ కట్టిన ఆయిలు, బేరింగుల మీద తుప్పు మచ్చలు. ఆ మచ్చ పడిన బేరింగును ఏ ఆయిలూ బాగుచేయలేదు.

మీ ఇరుసు విషయంలో ఇంకొకటి ఉంది. చక్రం దగ్గర ఉండే బేరింగుకు గ్రీజు పెట్టే ఏర్పాటు లేని ఇరుసులలో, హౌసింగ్‌లోని ఆయిలే గొట్టాల వెంట పోయి ఆ బేరింగులను కూడా తడుపుతుంది. మీ ఫోర్డ్ 8.8 ఆ రకమే. కాబట్టి నీరు చేరితే మధ్యలో గేర్లు ఉండే గుండులో మాత్రమే ఆగదు, రెండు పక్కల గొట్టాలలోకి కూడా పోయి కూర్చుంటుంది. పంపు గొట్టం అడుగున ఉన్నదాన్ని లాగుతుందే తప్ప గొట్టాల చివర ఉన్నదాన్ని లాగలేదు. మా దగ్గర మునిగిన బండికి కవరు తెరిచి ఆయిలు దించాక, ఒక పక్క చక్రాన్ని, తరువాత రెండో పక్క చక్రాన్ని కాస్త ఎత్తి, గొట్టంలో ఉన్నది మధ్యకు జారేలా చేస్తాం. ఇంటి దగ్గర అది కుదరకపోతే బండిని చదునుగానే ఉంచి, కొత్త ఆయిలు పోసి, నాలుగైదు వందల మైళ్లు నడిపి, మళ్లీ ఒకసారి మార్చండి. మొదటిసారి ఖరీదైన ఆయిలు పోయనక్కరలేదు, గ్రేడు, గుర్తు సరిగ్గా ఉంటే చాలు. రెండోసారి దిగే ఆయిలు రంగును చూసి, మూడోసారి అవసరమా కాదా తేల్చుకోవచ్చు.

పేస్టు విషయంలో మా కుర్రాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా వినరు గనుక మీకూ చెబుతున్నాను. కారుతుందన్న భయంతో లావుగా పూయవద్దు. బయటికి పొంగినంత పేస్టు లోపలికి కూడా పొంగుతుంది. అది ఆరాక తెగి, ఆయిలులో తేలుతూ బేరింగుల దాకా పోతుంది. అగ్గిపుల్లంత గీత చాలు.

మరొక మాట. నూజివీడు నుంచి మామిడి లోడు వేసే బొలెరో యజమానులు కొందరు హౌసింగ్ కూత పెడితే తొంభై నంబరు ఆయిలు తీసేసి, అంతకంటే చిక్కటి నూట నలభై నంబరు పోయమని అడుగుతారు. పోస్తే కూత తగ్గుతుంది, కాదనను. బండి అమ్మే ముందు కొందరు చేసేదీ అదే. అయితే చిక్కటి ఆయిలు చప్పుడును అణుస్తుందే గాని అరుగుదలను ఆపదు. మీరు సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు కాబట్టి, పుస్తకంలో చెప్పిన గ్రేడు పోశాక ఇంతవరకు వినని చప్పుడు వినిపిస్తే, అది మీ పని వల్ల వచ్చినదని అనుకోకండి. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు, వదిలినప్పుడు కూత మారుతుంటే క్రౌన్ పినియన్ వైపు చూడాలి. మలుపు తిరిగేటప్పుడు మారుతుంటే చక్రం బేరింగు వైపు చూడాలి. రెండింటికీ మారకుండా, రోడ్డు మారితే మారుతుంటే అది టైరు చప్పుడే.

గాల్వెస్టన్ దారి (ప్రశ్న అడిగినవారు)

పెద్దలందరికీ కృతజ్ఞతలు. శనివారం పని పూర్తి చేశాను, ఏం కనిపించిందో చెప్పడం నా బాధ్యత. ఫిల్లర్ ప్లగ్గు మీద మూడు రాత్రులు వరుసగా నూనె చల్లాను. నాలుగో రోజున రాచెట్‌కు రెండు అడుగుల ఇనుప గొట్టం తొడిగి లాగితే పెద్ద చప్పుడుతో వదిలింది. ముందు కవరు విప్పి ఉంటే మిషిగన్ మిత్రుల లాగే నేనూ బస్సెక్కేవాణ్ణి.

ఆయిలు విజయవాడ మిత్రులు వర్ణించిన రంగులోనే దిగింది. పూర్తిగా తెల్లబడలేదు గాని, నల్లటి ఆయిలులో అక్కడక్కడ కాఫీ రంగు చారలు, పళ్లెంలో కాసేపు ఉంచాక అడుగున రెండు చెంచాల నీరు వేరుపడింది. రుచి చూడలేదు గాని, ఉప్పునీరే అయ్యుంటుంది. అడుగున బూడిద రంగు గుజ్జు తప్ప పెచ్చులు ఏవీ దొరకలేదు, పళ్ల మీద తుప్పు లేదు. బ్రీదర్ గొట్టంలోకి ఊదితే గాలి పోలేదు. చివర ఉన్న మూత తీసి చూస్తే ఎర్రమట్టి గట్టిపడి ఉంది. కొత్తది వేసి, గొట్టం చివరను ఛాసిస్ మీద పై భాగానికి కట్టాను. డాలస్ మిత్రుల పంపు వృథా కాలేదు, ఆయిలు పోయడానికి దాన్నే వాడాను. పాత ఆయిలును మూత బిగించిన డబ్బాలో పోసి, వాడిన ఆయిలు తీసుకునే విడిభాగాల దుకాణానికి ఫోన్ చేస్తే, గేర్ ఆయిలు తీసుకుంటామని, బ్రేక్ క్లీనర్ కలిసినదైతే తీసుకోబోమని చెప్పారు. అందువల్ల తుడిచిన ద్రవాన్ని విడిగా ఉంచాను.

ఒక సందేహం మాత్రం మిగిలింది. పార్కింగ్ లాటులో స్టీరింగ్ పూర్తిగా తిప్పి నెమ్మదిగా మలుపు తీసుకుంటే వెనక నుంచి గడగడమని వణుకు వస్తోంది. ఇంతకు ముందు లేదు. ద్రవం నాలుగు ఔన్సులూ పోశాను.

జవాబు 4: పళ్లచక్రం (మిషిగన్)

అది క్లచ్చు బిళ్లలు పట్టి వదిలే చప్పుడు, కొత్త ద్రవం వాటి మధ్యకు ఇంకా పూర్తిగా చేరలేదు. ఖాళీగా ఉన్న పెద్ద పార్కింగ్ లాటులో ఎనిమిది అంకె ఆకారంలో, నడక వేగంతో, కుడికీ ఎడమకీ పది పన్నెండుసార్లు తిప్పండి. వంద మైళ్లు నడిచాక కూడా అలాగే ఉంటే అదే ద్రవాన్ని మరో ఔన్సు పోసి చూడండి, ఒకేసారి సీసా అంతా కుమ్మరించవద్దు, ఎక్కువైతే బిళ్లలు పట్టాల్సినప్పుడు కూడా జారిపోతాయి. రెండో విడత ఆయిలు మార్చేటప్పుడు ఈ నాలుగు ఔన్సులు మళ్లీ కొత్తగా పోయాలని గుర్తుంచుకోండి. ఆ విడతలో నీరు కనిపించకపోతే పడవ లాగడానికి అభ్యంతరం లేదు, కాకపోతే ర్యాంపు దగ్గర హౌసింగ్ చల్లబడేదాకా అరగంట ఆగి, ఆ తరువాతే నీటిలోకి దించండి.